దూకడం తర్వాతి సంగతి, ముందు కుక్క మీ ముఖం చూడాలి

(అనంతపురంలో పెంపుడు కుక్కల యజమానుల ఆదివారం ఉదయపు సమావేశంలో చేసిన ప్రసంగం, మాట్లాడింది మాట్లాడినట్టు)

అందరికీ నమస్కారం. కుక్కల్ని వెంట తెచ్చుకున్నవాళ్లు కొంచెం ఎడంఎడంగా కూర్చోండి, ముక్కుపరిచయం లేని కుక్కలకు ఎదురెదురుగా కూర్చోవడం నచ్చదు. వెనక నల్ల ల్యాబ్రడార్‌ను పట్టుకున్న తమ్ముడూ, నువ్వు వేపచెట్టు కిందికి జరుగు నాయనా, దాని నాలుక అప్పుడే పక్కకు వేలాడుతోంది. నీళ్ల బకెట్ అక్కడే పెట్టాం.

సరే. ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్నది ఒకటే. ఫోన్లో ఏదో విదేశీ పోటీ వీడియో చూస్తారు. కుక్క కడ్డీ మీదుగా ఎగిరి దూకుతుంది, టన్నెల్లో దూరి అవతలికి తేలుతుంది, వరసగా నిలబెట్టిన పైపుల మధ్య ఇటూ అటూ వంకర్లు తిరుగుతూ పోతుంది, పక్కనే యజమాని చేతులు ఊపుకుంటూ పరిగెడుతుంటాడు. "అన్నా, మావాడితో కూడా ఇది ఆడించాలి, ఏం సామాన్లు కొనాలి?" అంటారు. సామాన్లు ఇప్పుడే వద్దు. రేపు పొద్దున మీ కుక్కను ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు తీసుకుపోయి, బెల్టు చేతిలో వదులుగా పట్టుకుని, పేరు పెట్టి ఒక్కసారి పిలవండి. అక్కడ క్రికెట్ ఆడే పిల్లలుంటారు, వాకింగ్ వాళ్లుంటారు, ఎవరో పారేసిన ఉగ్గాని బజ్జీ పొట్లం ఉంటుంది. ఇన్నిటి మధ్య అది తల తిప్పి మీ ముఖం చూసిందా? చూస్తే సగం పని అయిపోయినట్టే. చూడకపోతే ఎన్ని పైపులు పాతినా లాభం లేదు. ఈరోజు నేను చెప్పేదంతా దీని చుట్టూనే ఉంటుంది.

ముందు ఒక విషయం తేల్చుకుందాం, ఎందుకంటే ఇందులో చాలామంది తికమక పడుతున్నారు. డాగ్ షో వేరు, డాగ్ స్పోర్ట్ వేరు. డాగ్ షోలో జడ్జి చూసేది ఆ జాతి కుక్క ఎట్లా ఉండాలని రాసిపెట్టారో అట్లా ఉందా అని: తల, నడుము, తోక, నడక, పళ్లు. స్పోర్ట్‌లో చూసేది అది మీతో కలిసి ఏం చేస్తుందని. మీ ల్యాబ్ చెవి కొంచెం పెద్దదైనా, తోక కొంచెం వంకరైనా ఇక్కడ ఎవరూ అడగరు. మన దేశంలో జాతి రిజిస్ట్రేషన్లు, షోలు చూసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయం చెన్నైలో ఉంది. మనకు దగ్గరలో బెంగళూరు, హైదరాబాద్, చెన్నైల్లో ఇట్లాంటి కార్యక్రమాలు ఎక్కువగా చలికాలంలోనే పెడతారు. ఎండాకాలంలో పెడితే కుక్కలు తట్టుకోలేవు కాబట్టి.

ఆ వీడియోల్లో మీరు చూసే ఆట పేరు అజిలిటీ. 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ అనే పెద్ద డాగ్ షో జరుగుతుంటే, మధ్యలో ఖాళీ సమయంలో జనానికి కాలక్షేపంగా ఉంటుందని, గుర్రాలతో కడ్డీలు దూకించే పోటీ చూసి అట్లాంటిదే కుక్కలతో చేసి చూపించారు. జనానికి అది ఎంత నచ్చిందంటే షో అయ్యాక కూడా ఆట నిలిచిపోయింది. ఇప్పుడు అంతర్జాతీయంగా ఎఫ్‌సీఐ అనే కెన్నెల్ క్లబ్బుల సమాఖ్య దీనికి నియమాలు పెడుతుంది, 1911లో పుట్టిన సంస్థ, బెల్జియంలో ఉంటుంది. ఒక కోర్సులో 15 నుంచి 22 వరకు అడ్డంకులు ఉంటాయి. కుక్క ఎత్తును బట్టి తరగతులు. భుజం దగ్గర 35 సెంటీమీటర్ల లోపు ఉండే చిన్న కుక్కలకు కడ్డీ 25, 30 సెంటీమీటర్ల ఎత్తులో, పెద్దవాటికి 55, 60 సెంటీమీటర్లలో పెడతారు. కడ్డీ పడితే 5 తప్పుమార్కులు. అడ్డంకి ముందుకొచ్చి ఆగిపోతే, పక్కనుంచి తప్పించుకుపోతే దానికీ 5, మూడుసార్లు అట్లా చేస్తే పోటీ నుంచి అవుట్. యజమాని కుక్కను ముట్టుకోకూడదు, అడ్డంకినీ ముట్టుకోకూడదు, చేతిలో తిండి గానీ బొమ్మ గానీ ఉండకూడదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వద్దాం.

అజిలిటీ ఒక్కటే కాదు. ఒబీడియెన్స్, అంటే చెప్పిన మాట వినే ఆట, ఉంది: మీ ఎడమకాలి పక్కన అంటుకుని నడవడం, సిట్, డౌన్, మీరు దూరం పోయినా కదలకుండా ఉండడం, పిలిస్తే నేరుగా రావడం, విసిరింది తెచ్చివ్వడం. చూసేవాళ్లకు అజిలిటీ అంత హుషారు అనిపించదు గానీ, నన్నడిగితే ఎవరైనా ముందు ఇక్కడే మొదలుపెట్టాలి. దీనికి స్థలం అక్కర్లేదు, మేడ మీద చేసుకోవచ్చు, ఇది వచ్చిన కుక్కకు మిగతా ఏ ఆటైనా తొందరగా వస్తుంది.

ఇప్పుడు ఎట్లా నేర్పాలో చూద్దాం. ఒక్క పాఠం వివరంగా చెప్తాను, మిగతావన్నీ దీనిలాగే.

చేతిలో ట్రీట్ పెట్టుకోండి, శనగగింజంత ముక్క చాలు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్, లేదా కోడి కార్జం ఉడికించి చిన్నగా తరిగింది. ఉల్లిపాయ తగలకూడదు, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అసలే వద్దు, కుక్కలకు అవి విషం. మనది శనక్కాయల జిల్లా కాబట్టి ఇంకో మాట. ఉప్పు లేకుండా వేయించిన గింజలు రెండు మూడు పెడితే ఫర్వాలేదు గానీ, బూజు పట్టినవి, గోడౌన్ అడుగున మిగిలినవి పెట్టకండి. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, కుక్క కాలేయం దాన్ని తట్టుకోలేదు, ప్రాణం మీదికి వస్తుంది. పారేసే శనక్కాయలు కుక్కకు వేసే ఇళ్లు నేను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ముక్క చేతిలో ఉంది, కుక్క ఎదురుగా ఉంది. మీరేమీ అనొద్దు. అది కాసేపు మీ చెయ్యి వాసన చూస్తుంది, కాలు వేస్తుంది, మొరుగుతుంది. చెయ్యి మూసుకునే ఉండండి. విసిగిపోయి ఒక్క క్షణం తలెత్తి మీ కళ్లలోకి చూస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో "యెస్" అనండి, అని ముక్క ఇవ్వండి. మాట ముందు, ముక్క తర్వాత. ఎందుకింత పట్టింపు అంటే, మనవాళ్లు చేసేది చూశాను: కుక్క చక్కగా కూర్చుంటుంది, ఆయన ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి కవర్ గరగరలాడిస్తూ వెతుకుతాడు, అది దొరికేలోపు కుక్క లేచి నిలబడి ఉంటుంది, అప్పుడు ముక్క ఇస్తాడు. కుక్కకు అర్థమైంది ఏమిటి? లేచి జేబు దగ్గరికి వస్తే ముక్క వస్తుందని. వాడు "సిట్" నేర్పుతున్నాననుకుంటాడు, నేర్పుతున్నది లేవడం. ఆ "యెస్" మాట ఫోటో తీసినట్టు ఒక్క క్షణాన్ని పట్టుకుంటుంది, ముక్క రెండు సెకన్లు ఆలస్యమైనా కుక్కకు దేనికిచ్చారో తెలుస్తుంది. మాట బదులు టిక్కుమనే క్లిక్కర్ వాడేవాళ్లున్నారు, అదీ మంచిదే. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. అమ్మ "గుడ్" అని, పిల్లలు "సూపర్" అని, మీరు "యెస్" అంటే కుదరదు.

హాల్లో వచ్చింది కదా అని మరుసటి రోజే సప్తగిరి సర్కిల్‌కు తీసుకుపోకండి. హాలు, మేడ, వీధి గుమ్మం, వీధి చివర, తెల్లవారుజామున ఖాళీ గ్రౌండు, ఆ తర్వాత జనం ఉన్న గ్రౌండు. ప్రతి కొత్త చోటా మళ్లీ మొదటి నుంచి నేర్పుతున్నట్టే చేయాలి. కుక్క మొండికేసిందని తిట్టుకుంటాం గానీ, హాల్లో వచ్చిన పాఠం బస్టాండు దగ్గర కూడా అదేనని దానికి మనం చూపిస్తే కదా తెలిసేది. ఒక గుర్తు చెప్తాను. ఇంట్లో లొట్టలేసుకుని తినే చికెన్ ముక్కను బయట ముట్టకపోతే, అది భయపడుతోంది లేదా మరీ ఉబ్బితబ్బిబ్బయింది, మీరు ఆ రద్దీకి మరీ దగ్గరగా ఉన్నారని అర్థం. వెనక్కి నడవండి. అది తినే దూరం వచ్చేదాకా వెనక్కి రండి, అక్కడ ఆడించండి. వారం వారం ఆ దూరం తగ్గుతుంది. వినాయక చవితి డప్పులకు, దీపావళి టపాసులకు బెదిరే కుక్కలకైతే ఇంకా నిదానం కావాలి, పోటీ మైకులో ఒక్కసారి గట్టిగా అరిస్తే అన్నీ మర్చిపోతాయి.

రింగులో, అంటే పోటీ జరిగే బరిలో, తిండి ఉండకూడదన్నాను కదా. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఇంట్లో చేతిలో ముక్క చూపించి చూపించి చేయిస్తారు, పోటీ రోజు చెయ్యి ఖాళీగా ఉంటే కుక్క "ఈయనకేమైంది" అన్నట్టు చూస్తుంది. అందుకే మొదటి నెల దాటగానే ముక్కల డబ్బాను మీ ఒంటి మీదినుంచి తీసేయండి. గోడ మీద పెట్టండి. ఒక పని చేయించి, "యెస్" అని, ఇద్దరూ కలిసి గోడ దగ్గరికి పరిగెత్తి తినిపించండి. తర్వాత రెండు పనులకు ఒకసారి, ఆ తర్వాత నాలుగైదు పనులకు, మధ్యలో ఒక్కోసారి ఒక్కదానికే. ఎప్పుడొస్తుందో తెలియనప్పుడే కుక్క ఎక్కువ ఆశగా పని చేస్తుంది. పోటీలో ఆ డబ్బా రింగు బయట మీ స్నేహితుడి చేతిలో ఉంటుంది, కుక్కకు అది అలవాటైన సంగతే అవుతుంది.

ఇక ఒళ్లు. ఏడాదిన్నర లోపు కుక్కపిల్లలతో ఎత్తు దూకించకండి. ఎముకల చివర్లలో పెరిగే భాగం ఇంకా మెత్తగా ఉంటుంది, చాలా కుక్కల్లో అది గట్టిపడటానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, పెద్ద జాతుల్లో ఇంకా ఆలస్యం. ఎఫ్‌సీఐ అజిలిటీ పోటీకి 18 నెలలు నిండాలన్న నియమం ఊరికే పెట్టలేదు. అప్పటిదాకా కడ్డీ నేల మీద పెట్టి దాటించండి, టన్నెల్లో దూరించండి, అది చాలు. మన ఇళ్లలో ఇంకో సమస్య ఉంది, కడప బండలు, టైల్స్. నున్నటి నేల మీద బంతి విసిరితే కుక్క మలుపు దగ్గర జారి కాళ్లు పక్కకు చీలుతాయి, చూడటానికి ముద్దుగా ఉంటుంది గానీ తుంటి, మోకాలు పాడయ్యేది అట్లాగే. గోనెసంచులు గానీ రబ్బరు చాపలు గానీ పరిచి ఆడించండి, గోళ్లు కత్తిరించండి. బరువు కూడా చూసుకోండి. పక్కటెముకల మీద చెయ్యి పెడితే వేళ్లకు ఎముకలు తెలియాలి. పెరుగన్నం తిని బొద్దుగా ఉన్న ల్యాబ్‌తో దూకించడం ఆట కాదు, బాధ పెట్టడం. ల్యాబ్, జర్మన్ షెపర్డ్ అయితే తుంటి కీలును వెటర్నరీ డాక్టర్‌కు ఒకసారి చూపించి మొదలుపెట్టండి. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఊపిరే కష్టం, వాటికి పరుగు ఆటలు వద్దు, వాటికి తగిన ఆట ఉంది, చివర్లో చెప్తాను.

సామాన్ల సంగతి ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. ప్లంబింగ్ షాపులో దొరికే పీవీసీ పైపులు చాలు. దూకే కడ్డీ కాలు తగిలితే పడిపోయేట్టు ఊరికే ఆనించి ఉండాలి, బిగించకూడదు. వంకర్లు తిరిగే పైపులు పోటీలో 12, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 60 సెంటీమీటర్లు, మొదటి పైపు కుక్క ఎడమ భుజం వైపు ఉండేట్టు లోపలికి దూరాలి. మీరు ఆరుతో మొదలుపెట్టండి. అన్నీ ఒకే వరసలో పెట్టకుండా ఒకటి ఇటు ఒకటి అటు జరిపి మధ్యలో సందు చేయండి, కుక్క ఆ సందులోంచి నేరుగా పరిగెత్తుతుంది. వారానికి రెండు వేళ్ల చొప్పున సందు తగ్గిస్తూ పోతే తనకు తెలియకుండానే ఒళ్లు వంచడం నేర్చుకుంటుంది. బెల్టు పట్టి లాగి తిప్పితే ఎప్పటికీ రాదు. పైపులకు ఎర్ర టేపు చుట్టకండి, కుక్క కంటికి ఎరుపు సరిగా ఆనదు, పచ్చగడ్డిలో కలిసిపోతుంది. పసుపు, నీలం బాగా కనిపిస్తాయి. ఎక్కి దిగే బల్లలు, ఏటవాలు పలకలు మాత్రం ఇంట్లో కట్టొద్దు, ఊగిపోయే బల్ల మీదినుంచి ఒకసారి పడిన కుక్క మళ్లీ ఎక్కడానికి నెలలు పట్టొచ్చు.

ఎండ గురించి అడక్కుండానే చెప్తాను, మన ఊళ్లో ఇది చెప్పకపోతే పాపం. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల దగ్గర కాస్త, మిగతా వేడంతా రొప్పి బయటికి పంపాలి. దాని మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది, 105 దాటితే ఆలస్యం చేయకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు మామూలే. ఆ రోజుల్లో పొద్దున ఆరున్నరకల్లా ఆట ముగించండి. సాయంత్రం గాలి చల్లబడినా రోడ్డు చల్లబడదు, మీ అరచెయ్యి వెనకభాగం తారు మీద ఏడు సెకన్లు పెట్టి చూడండి, మీకు ఓర్చుకోలేని వేడి దాని పాదానికీ అంతే. రొప్పు ఆగకపోవడం, జిగట చొంగ, చిగుళ్లు బాగా ఎర్రబడటం, తూలడం, ఇవి కనిపిస్తే ముందు నీడలోకి తెచ్చి ఒళ్లంతా నీళ్లు పోయండి, ఫ్యాన్ పెట్టండి, తడుపుతూనే ఆసుపత్రికి తీసుకుపొండి. బలవంతంగా నోట్లో నీళ్లు పోయొద్దు. ఇంకా, మన గ్రౌండ్లలో పల్లేరుకాయలు, కంపముళ్లు. ఆడించే ముందు మీరు చెప్పులు లేకుండా ఒక చుట్టు నడవండి, తర్వాత కుక్క వేళ్ల సందులు చూడండి, గోమార్లు కూడా అక్కడే దాక్కుంటాయి. గోమార్ల వల్ల వచ్చే జ్వరాలతో నీరసపడిన కుక్కను సోమరి అనుకుని పరిగెత్తించేవాళ్లున్నారు. హుషారైన కుక్క ఉన్నట్టుండి ఆడనంటే రక్తపరీక్ష చేయించండి.

మొదటి పోటీకి కుక్క లేకుండా వెళ్లండి. కూర్చుని చూడండి. రింగు మొదలయ్యే ముందు యజమానులందరూ కుక్కలు లేకుండా కోర్సులో నడుస్తూ, ఎక్కడ తిరగాలి, ఏ చెయ్యి చూపాలి అని గాల్లో చేతులు ఊపుతుంటారు, దాన్ని కోర్సు వాక్ అంటారు, సగం పోటీ అక్కడే జరుగుతుంది. తర్వాత నిర్వాహకుల్ని అడగండి: రిజిస్ట్రేషన్ లేని కుక్కకు ప్రవేశం ఉందా, గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే మైక్రోచిప్ కావాలా, ఎదకు వచ్చిన ఆడకుక్కను తేవచ్చా. ఒక్కో పోటీకి ఒక్కో నియమం ఉంటుంది. రేబిస్ టీకా సర్టిఫికెట్ మాత్రం ఎప్పుడూ వెంట ఉండాలి. రైలైతే కుక్కను ఏసీ ఫస్ట్ క్లాసులో కూపే, అంటే ఇద్దరికి సరిపడే గది, మొత్తం మన పేరున ఉంటే పక్కన పెట్టుకోవచ్చు, లేదంటే బ్రేక్ వ్యాన్‌లో, పార్సిల్ ఆఫీసులో బుక్ చేయాలి. బెంగళూరుకైతే కారే మేలు, నాలుగు గంటల దారి, మధ్యలో దింపి నీళ్లు తాగించుకుంటూ పోవచ్చు. రింగులో కుక్క మిమ్మల్ని వదిలేసి జడ్జి చెప్పులు వాసన చూసిందనుకోండి, అరవకండి. దానికి బాగా వచ్చిన ఒక చిన్న పని చేయించి, మెచ్చుకుని, బయటికి తీసుకురండి. ఆ రోజు అది రింగులోంచి భయంతో బయటికొస్తే వచ్చే పోటీకి లోపలికే రాదు.

ఇక ప్రశ్నలు. ఆ, చెప్పండక్కా. వీధికుక్క పనికొస్తుందా అని. బ్రహ్మాండంగా పనికొస్తుంది. మన ఊరకుక్క ఒళ్లు తేలిక, కాళ్లు గట్టివి, ఎండకు అలవాటుపడింది, తెలివి గురించి చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు దెబ్బలు తిన్నదైతే మనిషి చెయ్యి లేస్తే ముడుచుకుపోతుంది, అజిలిటీలో చేతి సైగలే భాష కాబట్టి, చెయ్యి లేవగానే ముక్క వస్తుందని ముందు ఒక నెల నేర్పండి.

ముధోల్ ఉందా మీకు? మంచి కుక్క. చూపుతో వేటాడే జాతి, దూరాన ఏదైనా కదిలితే మీరున్నారని గుర్తుండదు. పొడవాటి తాడు కట్టి, చుట్టూ గోడ ఉన్న చోటే వదలండి. పిలిస్తే రావడం దానికి మిగతా కుక్కలకన్నా రెండింతలు సాధన చేయించాలి.

ముళ్ల గొలుసు వేయాలా అంటున్నారు. వద్దు. నొప్పికి భయపడి మీ పక్కన నడిచే కుక్క, రింగులో గొలుసు తీయగానే ఎందుకు నడుస్తుంది? ఛాతీకి వేసే హార్నెస్ కొనండి.

తొమ్మిదేళ్ల కుక్క, కాలు కొంచెం కుంటుతుంది, ఆడొచ్చా అని అడుగుతున్నారు పెద్దాయన. ఆడొచ్చు అయ్యా. ఇందాక పగ్ గురించి చెప్తానన్నది కూడా ఇదే. నోస్ వర్క్ అంటారు, ముక్కుతో వెతికే ఆట. 2006లో అమెరికాలో పోలీసు కుక్కలు చేసే వెతుకులాటను ఇంటి కుక్కలకు ఆటగా మార్చారు. అక్కడ పోటీలో మూడు వాసనలు వాడతారు, బర్చ్ చెట్టు నూనె, సోపు జాతి అనీస్, మూడోది మన లవంగం. పరుగు అక్కర్లేదు, ఎండలోకి పోనక్కర్లేదు, హాల్లో ఫ్యాన్ కింద ఆడుకోవచ్చు. కిరాణా కొట్లో నాలుగు ఖాళీ అట్టపెట్టెలు అడిగి తెచ్చుకోండి. ఒకదాంట్లో చికెన్ ముక్క వేసి, నాలుగూ వరసగా పెట్టి, కుక్కను వదిలి మీరు నోరు మూసుకుని నిలబడండి. సైగ చేయొద్దు, ఆ పెట్టె వైపు చూడొద్దు, కుక్క మీ కళ్లను చదివేస్తుంది. ముక్కు పెట్టి దొరికించుకున్నాక అదే పెట్టెలో ఇంకో ముక్క వేయండి. కొన్ని వారాలయ్యాక ముక్క పక్కనే చిన్న రేకు డబ్బాకు బెజ్జాలు కొట్టి, అందులో లవంగ నూనె ఒక చుక్క అద్దిన దూది పెట్టండి. మెల్లగా ముక్క తీసేసినా లవంగం వాసనను వెతుక్కుంటూ వస్తుంది. నూనె దాని నోటికి, ముక్కుకు, ఒంటికి తగలకూడదు, డబ్బా మూత గట్టిగా ఉండాలి, ఆట అయ్యాక ఎత్తి పై అరలో పెట్టండి. ఒక్కో విడత ఐదు నిమిషాలు చాలు, ముసలి కుక్కకు అదే బోలెడు అలసట, ఆ రాత్రి హాయిగా పడుకుంటుంది. వచ్చే ఆదివారం దాన్ని తీసుకురండి అయ్యా, పెట్టెలు నేను తెస్తాను, మొదటి పాఠం దగ్గరుండి చేయిస్తాను.